డిస్కెరిన్ మీద పని మొదలుపెడుతున్నారా? ఒక న్యూక్లియోలార్ ప్రోటీన్ పనినీ, దాని జబ్బునీ కలిపి అర్థం చేసుకునే పద్ధతి

కణ కేంద్రకంలో ఉండే న్యూక్లియోలస్ అనే భాగంలోని ఒక ప్రోటీన్ మీద సెమినార్ ఇవ్వాలన్నా, ప్రాజెక్ట్ రాయాలన్నా చాలామంది మూడు వాక్యాల్లో తేల్చేస్తారు. ప్రోటీన్ న్యూక్లియోలస్‌లో ఉంది, న్యూక్లియోలస్ పని రైబోజోమ్‌లు తయారుచేయడం, కాబట్టి ఈ ప్రోటీన్ పాడైతే రైబోజోమ్‌లు తగ్గి జబ్బు వస్తుంది. వినడానికి సరిగ్గానే ఉంటుంది, సగం సార్లు తప్పు. న్యూక్లియోలస్‌లో దొరికే ప్రోటీన్లలో చాలావాటికి రెండేసి మూడేసి పనులుంటాయి, వాటిలో ఏ పని చెడిపోవడం వల్ల మనిషికి జబ్బు చేసిందో ఆ ప్రోటీన్ ఎక్కడుందో చూసి చెప్పలేం. ఒక్కో పనినీ విడదీసి పరీక్షిస్తేనే తెలుస్తుంది. ఎలా విడదీయాలో డిస్కెరిన్‌ని తీసుకుని చెప్తాను, ఎందుకంటే ఈ చిక్కు ఇంత స్పష్టంగా కనిపించే ప్రోటీన్ నాకు ఇంకోటి తెలియదు. ఇదే పద్ధతి ఫైబ్రిల్లారిన్‌కీ, న్యూక్లియోఫాస్మిన్‌కీ, ట్రీకిల్‌కీ కూడా పనికొస్తుంది.

ముందు పేర్లన్నీ పోగేసుకోండి

మనిషిలో ప్రోటీన్ పేరు డిస్కెరిన్, జన్యువు పేరు డీకేసీ1, అది ఎక్స్ క్రోమోజోమ్ పొడవు భుజం చివర ఎక్స్‌క్యూ28 దగ్గర ఉంటుంది. అది చెడితే వచ్చే జబ్బు డిస్కెరటోసిస్ కంజెనిటా. ఈస్ట్‌లో ఇదే ప్రోటీన్ సీబీఎఫ్5, ఎలుకలో ఎన్ఏపీ57, డ్రోసోఫిలా ఈగలో మినీఫ్లై లేదా నాప్60బీ. ఒక్క డిస్కెరిన్ అనే పేరుతో వెతికితే మీకు ఎక్కువగా జబ్బు గురించిన పేపర్లే వస్తాయి, అసలు రసాయనం అంతా సీబీఎఫ్5 పేరు మీద ఉంది. అన్ని పేర్లతో వెతకండి. సీక్వెన్స్ కోసం యూనిప్రాట్ అనే ప్రోటీన్ల డేటాబేస్‌లో ఓ60832 అని కొడితే మనిషి డిస్కెరిన్ వస్తుంది, 514 అమైనో ఆమ్లాలు.

ఇప్పుడు మనిషి, ఎలుక, జీబ్రాఫిష్, ఈగ, ఈస్ట్, ఏదో ఒక ఆర్కియా (కేంద్రకం లేని ఒక రకం సూక్ష్మజీవి), వీటి సీక్వెన్స్‌లు పక్కపక్కన పెట్టి అలైన్‌మెంట్ చేయండి. మధ్యలో ఉన్న ట్రూబీ డొమైన్ అన్నిటిలోనూ ఒకేలా కనిపిస్తుంది. దాని లోపల ఒక ఆస్పార్టేట్ ఉంది, మనిషిలో 125వ స్థానం, ఈస్ట్‌లో 95వ స్థానం. ఎంజైమ్‌గా పనిచేసేది ఆ ఒక్క ఆమ్లం ఆధారంగానే. దాని తర్వాత పీయూఏ అనే డొమైన్ ఉంది, అది ఆర్‌ఎన్‌ఏని పట్టుకునే భాగం. రెండు చివర్లలో లైసిన్‌లు ఎక్కువగా ఉన్న ముక్కలు ఉంటాయి, ప్రోటీన్‌ని కేంద్రకంలోకీ న్యూక్లియోలస్‌లోకీ చేర్చేవి అవే.

ఈ అలైన్‌మెంట్ చూడగానే ఒక ముఖ్యమైన సంగతి పట్టుకోవాలి. ఆర్కియాలో న్యూక్లియోలస్ లేదు, టెలోమియర్లు (క్రోమోజోమ్ చివరలని కాపాడే భాగాలు) లేవు, అయినా సీబీఎఫ్5 ఉంది. అంటే కోట్ల ఏళ్లుగా మారకుండా వస్తున్నది ఆర్‌ఎన్‌ఏని సవరించే పని. సీక్వెన్స్ మారకపోవడం మీకు పాత పని గురించి చెప్తుంది, తర్వాత వచ్చి చేరిన కొత్త పని గురించి చెప్పదు. జబ్బు రెండో దానివల్ల కూడా రావచ్చు.

రోగుల్లో దొరికిన మ్యుటేషన్లని కూడా అదే అలైన్‌మెంట్ మీద గుర్తుపెట్టండి. ఎక్కువ భాగం ఎన్ చివర (ప్రోటీన్ మొదలయ్యే చివర) దగ్గరా, పీయూఏ డొమైన్‌లోనూ గుమిగూడి ఉంటాయి. సీక్వెన్స్‌లో దూరంగా కనిపించే ఈ రెండు చోట్లు త్రీడీ నిర్మాణంలో పక్కపక్కనే ఉంటాయి, కాబట్టి నిర్మాణం తెరిచి చూడకుండా వదలకండి. ఎంజైమ్ గుండెకాయ లాంటి ట్రూబీ భాగాన్ని మాత్రం మ్యుటేషన్లు చాలావరకు ముట్టుకోలేదు. జబ్బుకి కారణం ఎంజైమ్ పని చెడటం కాకపోవచ్చు అనడానికి ఇది ఇంకా రుజువు కాదు, గట్టి సూచన.

అది చేసే పని దగ్గరగా చూడండి

ఆర్‌ఎన్‌ఏలో యూరిడిన్‌ని సూడోయూరిడిన్‌గా మార్చడం డిస్కెరిన్ పని. మామూలు యూరిడిన్‌లో క్షారం తన నైట్రోజన్ ద్వారా చక్కెరకి అతుక్కుని ఉంటుంది. డిస్కెరిన్ ఆ బంధాన్ని తెంపి, క్షారాన్ని తిప్పి, ఈసారి కార్బన్ ద్వారా అతికిస్తుంది. ఒక్క పరమాణువు కూడా పెరగదు, తగ్గదు. కాకపోతే ఖాళీ అయిన నైట్రోజన్ దగ్గర ఒక కొత్త హైడ్రోజన్ బంధానికి చోటు దొరుకుతుంది, దాంతో ఆ చోట ఆర్‌ఎన్‌ఏ కొంచెం గట్టిపడుతుంది. మనిషి రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏలో ఇలాంటి చోట్లు 100 దాకా ఉన్నాయి.

ఎక్కడ మార్చాలో డిస్కెరిన్‌కి సొంతంగా తెలియదు. హెచ్/ఏసీఏ అనే జాతి చిన్న ఆర్‌ఎన్‌ఏలు దారి చూపిస్తాయి. ఒక్కోదానిలో రెండు హెయిర్‌పిన్‌లు, మధ్యలో హెచ్ బాక్స్, చివర ఏసీఏ అనే మూడు అక్షరాలు ఉంటాయి. హెయిర్‌పిన్ లోపలున్న జేబు లాంటి భాగం రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏతో జత కట్టి, మార్చాల్సిన యూరిడిన్‌ని సరిగ్గా డిస్కెరిన్ ఎదురుగా నిలబెడుతుంది. డిస్కెరిన్‌తో పాటు ఎన్ఓపీ10, ఎన్‌హెచ్‌పీ2, గార్1 అనే మూడు ప్రోటీన్లు కూడా ఈ గుంపులో ఉంటాయి. అంతా కూడటానికి ముందు ఎస్‌హెచ్‌క్యూ1, నాఫ్1 అనే సహాయకులు అవసరం.

ఇప్పుడు అసలు చిక్కు. హెచ్/ఏసీఏ ఆర్‌ఎన్‌ఏలన్నీ సూడోయూరిడిన్ కోసమే లేవు. యూ17 అనేది, ఈస్ట్‌లో దాని పేరు ఎస్ఎన్ఆర్30, రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏ పొడవాటి ముడి రూపం నుంచి 18ఎస్ ముక్క (రైబోజోమ్ చిన్న భాగంలో ఉండే ఆర్‌ఎన్‌ఏ) సరిగ్గా కత్తిరింపు కావడానికి కావాలి, సూడోయూరిడిన్‌తో దానికి సంబంధం లేదు. ఇక టెర్క్. టెలోమియర్లని పొడిగించే టెలోమరేజ్ ఎంజైమ్‌లో ఉండే 451 న్యూక్లియోటైడ్ల ఈ ఆర్‌ఎన్‌ఏ తోక భాగం అచ్చం హెచ్/ఏసీఏ ఆర్‌ఎన్‌ఏలా ఉంటుంది, డిస్కెరిన్ దాన్ని పట్టుకోకపోతే టెర్క్ నిలబడదు, ముక్కలైపోతుంది. క్రయో-ఈఎమ్ (గడ్డకట్టించిన నమూనాని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూసే పద్ధతి)తో చూసిన మనిషి టెలోమరేజ్‌లో ఒక్క టెర్క్ మీద రెండు డిస్కెరిన్‌లు కూర్చుని కనిపిస్తాయి. కాబట్టి ఒకే ప్రోటీన్‌కి మూడు పనులు: యూరిడిన్ సవరణ, 18ఎస్ కత్తిరింపు, టెర్క్‌ని కాపాడటం. మీ నోట్‌బుక్‌లో మొదటి పేజీలో ఈ మూడూ వేరువేరుగా రాసుకోండి, చేసే ప్రతి ప్రయోగానికీ ఇది ఈ మూడింటిలో దేన్ని కొలుస్తోంది అని పక్కన రాయండి. చిన్న పనిలా ఉంటుంది కానీ తర్వాత వచ్చే గందరగోళంలో సగం ఇక్కడే పోతుంది.

ఏ జీవిలో, ఏ కణాల్లో చేయాలి

ఈస్ట్ చవక, తొందరగా పెరుగుతుంది, జన్యువుని మార్చడం సులువు. సవరణ, కత్తిరింపు చూడాలంటే అదే మంచిది. సీబీఎఫ్5ని మొత్తం తీసేస్తే ఈస్ట్ చచ్చిపోతుంది, కానీ 95వ ఆస్పార్టేట్‌ని మాత్రం అలనైన్ చేస్తే రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏలో సూడోయూరిడిన్లు పోతాయి, కణాలు బాగా నెమ్మదిగా అయినా బతుకుతాయి. ఎంజైమ్ పని వేరు, ప్రోటీన్ అక్కడ ఉండి ఆర్‌ఎన్‌ఏలని నిలబెట్టడం వేరు అని తేల్చింది ఇలాంటి ప్రయోగాలే. అయితే ఈస్ట్ టెలోమరేజ్ ఆర్‌ఎన్‌ఏ హెచ్/ఏసీఏ జాతిది కాదు, కాబట్టి టెలోమియర్ ప్రశ్నని ఈస్ట్‌లో అడగడంలో అర్థం లేదు. ఎలుకల విషయంలో ఇంకో జాగ్రత్త. ల్యాబ్ ఎలుకల టెలోమియర్లు మనిషివాటికంటే చాలా పొడవు, అవి అరిగిపోయి లక్షణాలు బయటపడటానికి తరాలు పడుతుంది. డిస్కెరిన్ తగ్గించిన ఎలుకల్లో టెలోమియర్లు పొట్టివి కాకముందే లక్షణాలు కనిపించాయని 2003లో వచ్చిన పేపర్ చదివి చాలామంది ఇది రైబోజోమ్ జబ్బే అని నిర్ణయానికి వచ్చేశారు. ఎలుకలో కనిపించింది నిజమే, దాన్ని మనిషికి నేరుగా అంటించడమే తొందరపాటు.

మనిషి కణాల్లో అయితే రెండు రకాలు పెట్టుకోండి. ఒకటి హెలా లాంటిది, అందులో టెలోమరేజ్ పనిచేస్తుంది. రెండోది యూ2ఓఎస్, దానిలో టెర్ట్ (టెలోమరేజ్‌లోని ఎంజైమ్ ప్రోటీన్) ఉండదు, టెలోమియర్లని వేరే దారిలో కాపాడుకుంటుంది. డిస్కెరిన్ తగ్గించినప్పుడు యూ2ఓఎస్‌లో కూడా కణాలు నెమ్మదించాయంటే దానికి టెలోమరేజ్ కారణం కాదని మీకు వెంటనే తెలిసిపోతుంది. ఇంత సులువైన కంట్రోల్‌ని ఎందుకు వదిలేస్తారో నాకు నిజంగా అర్థం కాదు.

తగ్గించడం, తిరిగి ఇవ్వడం

డిస్కెరిన్ లేకుండా కణం బతకదు, కాబట్టి క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో పూర్తిగా కొట్టేద్దాం అనుకోకండి. బతికి బయటపడిన క్లోన్‌లు ఉన్నాయంటే వాటిలో ఇంకా ఎంతో కొంత ప్రోటీన్ మిగిలి ఉండి ఉంటుంది. ఎస్ఐఆర్‌ఎన్‌ఏ (ఆ జన్యువు మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏని పట్టుకుని నాశనం చేయించే చిన్న ఆర్‌ఎన్‌ఏ)తో తగ్గించండి, లేదా ఆక్సిన్ ఇస్తే కరిగిపోయే డెగ్రాన్ ట్యాగ్ పెట్టండి. ట్యాగ్ పెడితే ముందు ఆ ట్యాగ్‌తో ప్రోటీన్ న్యూక్లియోలస్‌కే వెళ్తోందా, టెర్క్ మట్టం తగ్గిపోలేదు కదా అని చూసుకోండి, ఎందుకంటే రెండు చివర్లూ దారి చూపే ముక్కలే.

చోటు చూడటానికి ఇమ్యునోఫ్లోరెసెన్స్ (మెరిసే యాంటీబాడీతో రంగు వేయడం) చేసేటప్పుడు ఫైబ్రిల్లారిన్‌ని జత రంగుగా వాడండి, అది న్యూక్లియోలస్‌లో దట్టమైన పీచు భాగాన్ని చూపిస్తుంది, డిస్కెరిన్ కూడా అక్కడే ఉంటుంది. కేంద్రకంలో అక్కడక్కడా చుక్కల్లా కూడా కనిపిస్తే అది మురికి కాదు, కాహాల్ బాడీలు అనే కేంద్రక భాగాలు. వాటిలో ఉండే కాయిలిన్ ప్రోటీన్‌కి రంగు వేసి నిర్ధారించుకోండి. టెర్క్‌కి కాహాల్ బాడీలతో సంబంధం ఉంది కాబట్టి ఆ చుక్కలు మీ కథలో భాగమే.

తగ్గించిన తర్వాత అసలైన పని తిరిగి ఇవ్వడం. ఎస్ఐఆర్‌ఎన్‌ఏ పట్టుకోలేని రూపంలో మూడు రకాల డిస్కెరిన్ కట్టండి: మామూలుది, 125వ ఆస్పార్టేట్‌ని అలనైన్ చేసినది, రోగుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే ఏ353వీ (353వ అలనైన్ స్థానంలో వాలైన్). వీటికి తోడు నాలుగో ప్లేట్‌లో డిస్కెరిన్ ఏమీ ఇవ్వకుండా టెర్క్ ఒక్కటే ఎక్కువగా తయారయ్యేలా పెట్టండి. ఏ ప్లేట్‌లో ఏ లక్షణం సరైందో చూస్తే మూడు పనులూ విడిపోతాయి. టెర్క్ ఒక్కటి ఇస్తే టెలోమియర్ సంగతి కుదుటపడి, 18ఎస్ కత్తిరింపు మాత్రం అలాగే చెడి ఉంటే, ఆ రెండూ వేరు పనులని మీ కళ్ల ముందే ఉంటుంది. రోగుల నుంచి తీసిన కణాల్లో టెలోమరేజ్ ఆర్‌ఎన్‌ఏ మట్టం పెంచితే టెలోమియర్ల నిర్వహణ మెరుగవుతుందని 2006లో చూపించారు, ఈ రంగంలో నాకు బాగా నచ్చిన ప్రయోగాల్లో అదొకటి.

సమయం విషయంలో ఓపిక కావాలి. రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏ కత్తిరింపులో తేడా రెండు మూడు రోజుల్లో నార్తర్న్ బ్లాట్‌లో (ఆర్‌ఎన్‌ఏ ముక్కలని పొడవుని బట్టి చూపే పరీక్ష) కనిపిస్తుంది, టెర్క్ మట్టం పడిపోవడం కూడా తొందరగానే తెలుస్తుంది. టెలోమియర్లు మాత్రం ఒక్కో విభజనకి 50 నుంచి 100 బేస్ జతలు మాత్రమే అరుగుతాయి. వారం రోజుల ఎస్ఐఆర్‌ఎన్‌ఏ ప్రయోగంలో టెలోమియర్ పొడవు మారలేదు కాబట్టి టెలోమియర్లకి సంబంధం లేదు అని రాస్తే రివ్యూయర్ ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా.

ఇంకో మాట, న్యూక్లియోలస్ ఇబ్బందిలో పడితే కణ విభజనని ఆపే పీ53 ప్రోటీన్ లేస్తుంది. రైబోజోమ్‌లో చేరలేకపోయిన ఆర్‌పీఎల్5, ఆర్‌పీఎల్11 ప్రోటీన్లు 5ఎస్ ఆర్‌ఎన్‌ఏతో కలిసి, మామూలుగా పీ53ని కరిగించే ఎండీఎమ్2ని పట్టేసుకుంటాయి, దాంతో పీ53 కరగకుండా పేరుకుంటుంది. కణాలు ఆగిపోవడానికి కారణం ఇదే కావచ్చు. పొట్టి టెలోమియర్లు కూడా చివరికి పీ53నే లేపుతాయి. అందుకే పీ53 పెరిగింది అనే ఒక్క ఫలితం ఏ పక్షానికీ సాక్ష్యం కాదు. పాజిటివ్ కంట్రోల్‌గా కొద్ది మోతాదు యాక్టినోమైసిన్-డి వాడండి, అది రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏని తయారుచేసే పాలిమరేజ్-1ని ఆపి న్యూక్లియోలస్‌ని టోపీల్లా విడదీస్తుంది, ఇబ్బందిలో ఉన్న న్యూక్లియోలస్ ఎలా ఉంటుందో మీకు పోలిక దొరుకుతుంది.

సూడోయూరిడిన్ కొలవడం

ఇక్కడే ఎక్కువమంది తడబడతారు. యూరిడిన్‌కీ సూడోయూరిడిన్‌కీ బరువు ఒకటే కాబట్టి మామూలుగా అణువుల బరువు కొలిచే మాస్ స్పెక్‌లో పెడితే తేడా కనిపించదు. ఆర్‌ఎన్‌ఏని డీఎన్ఏగా కాపీ చేసే మామూలు రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ ఎంజైమ్ కూడా దాన్ని యూ (యూరిడిన్) అనుకుని దాటిపోతుంది. పాత నమ్మకమైన దారి సీఎంసీ అనే రసాయనం. అది ముందు యూ, జీ (గ్వానోసిన్), సూడోయూరిడిన్ మూడింటికీ అంటుకుంటుంది. తర్వాత క్షార ద్రావణంలో కాసేపు ఉంచితే యూ, జీల మీద నుంచి ఊడిపోయి సూడోయూరిడిన్ మీద మాత్రం మిగిలిపోతుంది. ఇప్పుడు ప్రైమర్ ఎక్స్‌టెన్షన్ చేస్తే, అంటే ఒక చిన్న డీఎన్ఏ ముక్క నుంచి కాపీ మొదలుపెట్టిస్తే, ఎంజైమ్ ఆ అడ్డానికి ఒక్క న్యూక్లియోటైడ్ ముందు ఆగుతుంది, జెల్ మీద ఆ చోట గీత వస్తుంది. సీఎంసీ వేయని నమూనాని పక్క వరుసలో తప్పకుండా పెట్టండి, ఎందుకంటే ఆర్‌ఎన్‌ఏ మడత వల్ల కూడా ఎంజైమ్ ఆగుతుంది, ఆ గీత రెండు వరుసల్లోనూ ఉంటే అది సూడోయూరిడిన్ కాదు. క్షారంలో ఎక్కువసేపు ఉంచితే ఆర్‌ఎన్‌ఏ విరిగిపోయి జెల్ అంతా మసక అవుతుంది. ఇప్పుడు బైసల్ఫైట్ ఆధారంగా చేసే సీక్వెన్సింగ్ పద్ధతులూ, నానోపోర్‌లో నేరుగా ఆర్‌ఎన్‌ఏ చదవడమూ వచ్చాయి, అన్ని చోట్లూ ఒకేసారి చూడొచ్చు, కానీ ఒకటి రెండు చోట్లని సీఎంసీతో సరిచూసుకోవడం మానకండి.

జబ్బు వైపు సాక్ష్యాలు తూచడం

డీకేసీ1లో మ్యుటేషన్ వల్ల వచ్చే జబ్బు డిస్కెరటోసిస్ కంజెనిటా. గోళ్లు పాడవడం, చర్మం మీద వలలా మచ్చలు, నోట్లో తెల్లటి పూత, ఈ మూడూ పుస్తకాల్లో ఉండే గుర్తులు. ప్రాణానికి ముప్పు తెచ్చేది ఎముక మజ్జ విఫలం కావడం, తర్వాత ఊపిరితిత్తుల్లో ఫైబ్రోసిస్, కాలేయ సమస్యలు, నాలుకా గొంతూ ప్రాంతంలో క్యాన్సర్లు, ల్యుకీమియా. జన్యువుని 1998లో గుర్తించారు. 1999లో రోగుల కణాల్లో టెర్క్ మట్టం తక్కువగా, టెలోమియర్లు పొట్టిగా ఉన్నాయని తేలింది.

ఏ పని చెడితే ఈ జబ్బు వస్తోంది అనే ప్రశ్నకి గట్టి సాక్ష్యం డిస్కెరిన్ నుంచి రాలేదు, ఇతర జన్యువుల నుంచి వచ్చింది. అదే జబ్బు ఉన్న వేరే కుటుంబాల్లో 2001లో టెర్క్‌లో మ్యుటేషన్లు దొరికాయి, తర్వాత టెర్ట్‌లో, 2008లో టెలోమియర్లని కప్పి ఉంచే టిన్2లో. రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏ తయారీలో భాగం కాని జన్యువులు ఇవి, అయినా అదే జబ్బు. ఇంకో పక్క, రైబోజోమ్ ప్రోటీన్లు చెడితే వచ్చే డైమండ్-బ్లాక్‌ఫ్యాన్ ఎనీమియాలో ముఖ్యంగా ఎర్ర రక్తకణాలే తగ్గుతాయి, డిస్కెరటోసిస్‌లో మజ్జ అన్ని రకాల కణాలకీ దెబ్బ తింటుంది. రెండూ కలిపి చూస్తే మనుషుల్లో ఈ జబ్బుకి ప్రధాన కారణం టెలోమియర్లే అని నేను నమ్ముతాను. రైబోజోమ్ వైపు లోపం జబ్బు తీవ్రతని మారుస్తుందేమో, దాన్ని కొట్టిపారేయను, కానీ దాన్ని ముందు పెట్టి రాసిన వ్యాసాలు చదివేటప్పుడు అందులో టెర్క్ ఒక్కటే తిరిగి ఇచ్చి చూశారా లేదా అని మొదట చూస్తాను.

మీ ప్రోటీన్ వేరేదైనా ఇదే ప్రశ్న వేయండి: అదే జబ్బు ఇంకే జన్యువుల వల్ల వస్తోంది, వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్న పని ఏది? ట్రీచర్ కాలిన్స్ సిండ్రోమ్‌లో ట్రీకిల్‌తో పాటు పాలిమరేజ్-1, పాలిమరేజ్-3 ఉపభాగాల జన్యువులు కూడా దొరికాయి, కాబట్టి అక్కడ బాణం నిజంగానే రైబోజోమ్ వైపు చూపిస్తుంది. న్యూక్లియోఫాస్మిన్‌లో ఇంకో రకం. ల్యుకీమియాలో ఆ ప్రోటీన్ చివర మారిపోయి న్యూక్లియోలస్ వదిలి సైటోప్లాజమ్‌లోకి వెళ్లిపోతుంది, అక్కడ ప్రోటీన్ చోటు మారడమే ముఖ్యమైన సంగతి.

ఒక రిపోర్ట్ చేతికొస్తే

జన్యు పరీక్షలో డీకేసీ1 వేరియంట్ అని వస్తే ముందు అది క్లిన్‌వార్‌లో (జబ్బులతో ముడిపడ్డ వేరియంట్ల డేటాబేస్) ఉందా, ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లలో కూడా కనిపిస్తోందా అని నోమ్ఏడీ (జీఎన్ఓఎమ్ఏడీ) అనే సాధారణ జనాభా వేరియంట్ల డేటాబేస్‌లో చూడండి. జన్యువు ఎక్స్ మీద ఉంది కాబట్టి మగవాళ్లలో ఒక్క కాపీయే ఉంటుంది, ఆరోగ్యవంతులైన మగవాళ్లలో పదే పదే కనిపించే వేరియంట్ కారణం కావడం కష్టం. ఏ353వీ అయితే డీఎన్ఏ మట్టంలో 1058వ చోట సీ పోయి టీ వస్తుంది, ఇది చాలాసార్లు తల్లిదండ్రుల్లో లేకుండా కొత్తగా పుడుతుంది, కాబట్టి కుటుంబ చరిత్ర లేదని పక్కన పెట్టకండి. ఆ తర్వాత అడగాల్సిన పరీక్ష లింఫోసైట్లలో (ఒక రకం తెల్ల రక్తకణాలు) ఫ్లో-ఫిష్ అనే మెరిసే గుర్తుల పద్ధతితో టెలోమియర్ పొడవు. ఆ వయసువాళ్లతో పోల్చి 1వ పర్సంటైల్ కంటే కింద ఉంటే అనుమానం బలపడుతుంది. గోళ్లు, మచ్చలు, నోటి పూత కనిపించలేదని ఆగిపోవద్దు, మజ్జ ముందే విఫలమై మిగతావి ఏళ్ల తర్వాత కనిపించే పిల్లలు ఉన్నారు.

వైద్యం నిర్ణయించేది హెమటాలజిస్ట్. డానజోల్ లాంటి ఆండ్రోజెన్‌లతో కొందరిలో రక్తకణాలు మెరుగవుతాయి, కాలేయం మీద కన్నేసి ఉంచాలి. మజ్జ మార్పిడి చేస్తే ఈ రోగుల ఊపిరితిత్తులూ కాలేయమూ మామూలు మోతాదు కీమో, రేడియేషన్ తట్టుకోలేవు, తగ్గించిన మోతాదు పద్ధతులు వాడతారు. దాత తోబుట్టువైతే, చూడటానికి పూర్తి ఆరోగ్యంగా ఉన్నా సరే, మజ్జ తీసే ముందు అదే వేరియంట్ కోసం జన్యు పరీక్షా, టెలోమియర్ పొడవూ రెండూ చేయించాలి. అక్కచెల్లెళ్లు వేరియంట్‌ని మోస్తూ కూడా లక్షణాలు లేకుండా ఉంటారు, ఎందుకంటే వాళ్ల రక్తంలో మంచి కాపీ పనిచేసే కణాలే మిగిలి ఉంటాయి. అన్నదమ్ముల విషయంలో జబ్బు ఇంకా బయటపడకపోయి ఉండొచ్చు, అలాంటి మజ్జ ఎక్కిస్తే రోగికి అదే లోపం మళ్లీ వెళ్తుంది.